పెట్టె మొరాయించింది

తెలుగులో 'మొరాయించు' అని ఒక మాట ఉంది. నాకు చాలా ఇష్టమైన మాట. ఎద్దు బండి లాగనంటే మొరాయించిందంటాం. గుర్రం అడుగు ముందుకు వెయ్యకపోతే మొరాయించిందంటాం. తర్వాత మోటార్లు, పంపులు, స్కూటర్లు వచ్చాయి. పశువులు ఇళ్ళలోంచి పోయినా మాట మాత్రం పోలేదు. చలికాలం ప్రొద్దున్నే ఎన్నిసార్లు తన్నినా స్కూటరు కదలకపోతే, "ఇవాళ ఇది మొరాయించిందమ్మా" అని నవ్వేవారు మా నాన్నగారు. ఇప్పుడా మర్యాద ల్యాప్‌టాపుకు దక్కింది.

'పాడైంది' అనడానికీ 'మొరాయించింది' అనడానికీ తేడా ఉంది సుమండీ. పాడైనదానిలో జీవం లేదు. మొరాయించినదానిలో అన్నీ ఉంటాయి గాని, దానికేదో అభ్యంతరం ఉంటుంది. అనుభవం ఉన్న రైతు మొరాయించిన ఎద్దును వెంటనే కర్ర పెట్టి కొట్టడు. కాలిలో ముల్లు గుచ్చుకుందా, మెడమీద కాడి ఒరుసుకుంటోందా, ఎదురుగా గుంట ఏమైనా ఉందా అని చూస్తాడు. ల్యాప్‌టాపు దగ్గరకు వచ్చేసరికి మనలో చాలామందికి ఆ ఓపిక ఉండదు. మీట నొక్కుతాం, కదలదు, మళ్ళీ నొక్కుతాం, ఆపైన ఎవరో ఒకరు "ఫార్మాట్ చేసెయ్యండి" అంటారు. ఆ రెండు మాటల సలహా వల్ల ఎన్ని ఇళ్ళలో ఎన్ని పెళ్ళి ఫోటోలు, ఎన్ని లెక్కలు, ఎన్ని ఉత్తరాలు గంగలో కలిసిపోయాయో!

ఇంతకీ మీట నొక్కాక ఆ పెట్టెలో ఏం జరుగుతుంది? తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి ఈ గొడవ ఎందుకని నవ్వకండి. సొమ్ము మనదైనప్పుడు తాళం సంగతి కొంచెమైనా తెలిసి ఉండాలి గదా.

యంత్రం ఇలా మేలుకోవడాన్ని 'బూటింగ్' అంటారు. తన కాలి బూట్ల పట్టీలు పట్టుకుని తన్ను తానే పైకెత్తుకోవడమనే ఇంగ్లీషు నానుడిలోంచి వచ్చిందా మాట. మన తార్కికులూ ఇలాంటి సంగతి ఒకటి చెప్పారు. ఎంత ఆరితేరిన ఆటగాడైనా తన భుజం మీదికి తానే ఎక్కలేడట. కంప్యూటరు రోజూ చేసే పని సరిగ్గా అదే. అయితే ఒక్కసారిగా ఎక్కదు, మెట్లు మెట్లుగా ఎక్కుతుంది.

ఒక ఉమ్మడి కుటుంబం ఊహించుకోండి. తెల్లవారుజామున అందరికంటె ముందు లేచేది నాయనమ్మ. ఆవిడకు గుర్తుండే సంగతులు కొన్నే, కాని అవి చాలా గట్టిగా గుర్తుంటాయి. దీపం ఉందా, నీళ్ళున్నాయా, తలుపుల గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయా అని ఇల్లంతా ఒకసారి తడిమి చూసుకుంటుంది. కంప్యూటరులో ఈ నాయనమ్మను పూర్వం 'బయాస్' అనేవారు. కొత్త యంత్రాల్లో 'యూఈఎఫ్ఐ' అంటున్నారు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో ఆవిడ కాపురం. తెరమీద కంపెనీవారి గుర్తు కనిపించిందంటే నాయనమ్మ లేచిందన్నమాటే. ఆవిడ వెళ్ళి కోడల్ని లేపుతుంది. ఆ కోడలి పేరు 'బూట్ లోడర్'. ఏ గదిలో ఏముందో కోడలికి తెలుసు. ఆమె పొయ్యి వెలిగించి తక్కిన సంసారాన్నంతా మేల్కొలుపుతుంది. ఆ సంసారమే విండోస్ గాని, లినక్స్ గాని, మనం ఆపరేటింగ్ సిస్టమ్ అని చెప్పుకునేది. ఇక మన ఫోటోలు, పత్రాలు, వ్రాసుకున్న వ్రాతలు ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటాయి. వంటిల్లూ ఇనప్పెట్టే ఒకే కప్పు కింద, అంటే ఒకే డిస్కులో ఉన్నా, రెండూ ఒకటి కావు. ఈ వ్యాసంలో మీరు గుర్తుంచుకోవలసింది ఈ ఒక్క ముక్కే.

కాబట్టి పెట్టె తెరుచుకోకపోతే ముందు అడగవలసిన ప్రశ్న, ఎవరు లేవలేదు అని. దీపం వెలగదు, ఫ్యాను తిరగదు, తెర నల్లగా ఉంటే నాయనమ్మే లేవలేదు. అది కరెంటుకో, చార్జరుకో, బోర్డుకో సంబంధించిన జబ్బు. చార్జరు పీకి, వీలైతే బ్యాటరీ కూడా తీసి, మీటను ముప్ఫై సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్ళీ కరెంటు ఇస్తే ఒక్కోసారి లేచి కూర్చుంటుంది. కంపెనీ గుర్తు వచ్చి, ఆ తర్వాత 'బూట్ డివైస్ లేదు' అని వ్రాసి వస్తే, నాయనమ్మకు కోడలు కనబడలేదని అర్థం. మరచిపోయి వదిలేసిన పెన్‌డ్రైవు ఉంటే తీసెయ్యాలి. సెటప్‌లోకి వెళ్ళి డిస్కు పేరు అక్కడ ఉందో లేదో చూడాలి. పేరే లేకపోతే తీగ వదులై ఉండవచ్చు, డిస్కు చెడి ఉండవచ్చు. లోపలినుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తే మాత్రం వెంటనే ఆపెయ్యాలి. పోతున్న డిస్కును పదే పదే లేపడమంటే జ్వరం వచ్చినవాడి చేత మెట్లెక్కించడమే. మూడో రకంలో నాయనమ్మా లేచింది, కోడలూ లేచింది, వంటింట్లోనే ఏదో తిరగబడింది. గుండ్రంగా చుక్కలు తిరుగుతూ, 'రిపేరు చేస్తున్నాను' అంటూ, చెయ్యలేక, మళ్ళీ మొదటికి వస్తూ ఉంటుంది. మా ఇంట జరిగింది ఇదే.

మా ఇల్లు కిషన్‌బాగ్‌లో. పురానాపూల్ దాటి బహదూర్‌పురా మీదుగా వస్తే జూపార్కుకు కూతవేటు దూరం. 1963లో తెరిచిన ఆ జూలోంచి తెల్లవారుజామున సింహం గర్జన వినబడినా మా వీధిలో ఎవరూ నిద్రలేవరు. పాలవాడి గంటకే లేస్తారు. కింది వాటాలో అమ్మ, పై వాటాలో మేము.

నాన్నగారు పాతబస్తీలో ఒక పోస్టాఫీసులో కౌంటరు గుమాస్తాగా చేరి, 2014లో రిటైరయ్యారు. ఆయన చదువు ఇంటర్మీడియట్‌తో ఆగింది. నేను తెలుగు ఎమ్మే చదివాను. మా ఇద్దరిలో పండితుడు ఎవరంటే మాత్రం మా అమ్మ కూడా తడుముకోకుండా ఆయన పేరే చెబుతుంది. కౌంటరు ముందు నిలబడినవాళ్ళ నోట విన్న మాటల్ని ఆయన రూళ్ళ నోటుబుక్కుల్లో వ్రాసుకునేవారు. మాటా, దాని అర్థం మాత్రమే కాదు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎందుకన్నారు అన్నీ ఉండేవి. 'సోంచాయించు' అన్న మాట పక్కన, '1994, కూరగాయలమ్మే అవ్వ, కొడుక్కి మనియార్డరు పంపాలా వద్దా అని తనలో తాను అనుకుంటూ' అని ఉండేది. 'పరేషాను' పక్కన, 'పెన్షను రాని ముసలాయన, మూడోసారి వచ్చిన రోజు' అని ఉండేది. దరఖాస్తు, రుజువు, వసూలు, జవాబు, హాజరు, ఇవన్నీ ఉర్దూ ఫారసీల నుంచి వచ్చి మన ఇంటి మనుషులైపోయాయని నేను క్లాసులో చెబుతాను. అవి ఏ గుమ్మంలోంచి, ఎవరి చెయ్యి పట్టుకుని వచ్చాయో ఆయన నోటుబుక్కు చెప్పేది.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన హైదరాబాదులో ఎవరూ మరచిపోలేదు. కాలువ పొంగి మా కింది వాటాలోకి మోకాలు లోతు నీళ్ళు వచ్చాయి. మంచం కింది ట్రంకు పెట్టెలో ఉన్న పదకొండు నోటుబుక్కులూ నానిపోయాయి. నాన్నగారు వాటిని విప్పి, ఒక్కొక్క కాగితాన్నీ ఫ్యాను కింద ఆరబెట్టారు. సిరా వెలిసిపోయింది, కాగితం బూజు పట్టింది. అవి చేతిలో పొడి అయ్యేలోపల ఎక్కించెయ్యాలని ఆయన పట్టుబట్టారు. 2016లో మా తమ్ముడు కొనిచ్చిన ల్యాప్‌టాపు అప్పటిదాకా పాత సినిమా పాటలకు పనికొచ్చేది. అరవై ఆరేళ్ళ వయసులో ఆయన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకున్నారు. గౌతమి అక్షరాల్లో, ఒకే ఒక్క వేలితో, రెండున్నరేళ్ళు కొట్టారు. ఒక్కో పేజీ ఎక్కించాక ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వెయ్యకుండా మూసీలో కలిపి వచ్చేవారు. ఫైలుకు 'మాటలమూట' అని పేరు పెట్టుకున్నారు. 2023లో ఆయన పోయారు.

2024 శ్రావణమాసంలో సంవత్సరీకానికి తమ్ముడు డాలస్ నుంచి వచ్చే ముందు, ఆ మూటలోంచి నాలుగు పేజీలు అచ్చు తీసి బంధువులకు ఇద్దామనుకున్నాం. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి తాతగారి ల్యాప్‌టాపును తుడిచి, పసుపు బొట్టు పెట్టినంత భక్తిగా చార్జరు తగిలించింది. దాని బ్యాటరీ ఏనాడో చచ్చింది. గోడమీద దీపంలా తీగ ఉంటేనే వెలుగు. ఏడాదిగా మూతబడి ఉన్న యంత్రం వైఫై తగలగానే, ఆకలిగొన్నవాడు విస్తరి ముందు కూర్చున్నట్టు, ఏడాది అప్‌డేట్లన్నీ ఒక్కసారిగా తినడం మొదలుపెట్టింది. శాతాల లెక్క సగం దాటింది. ఇంతలో వాన, వానతో పాటు కరెంటు పోవడం. మళ్ళీ కరెంటు వచ్చాక కంపెనీ గుర్తు వచ్చింది, చుక్కలు తిరిగాయి, ఆగిపోయాయి, మళ్ళీ గుర్తు వచ్చింది. రాత్రి పదకొండు దాకా అదే ప్రదక్షిణం.

అమ్మ ఏమీ అనలేదు. పక్కన కుర్చీ వేసుకుని, జబ్బు మనిషి దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది. అంతే.

సలహాలకు కొదవ లేదు. తమ్ముడు ఫోనులో, "అక్కా, పాతదాన్ని వదిలెయ్, నేను వచ్చేటప్పుడు కొత్తది తెస్తాను" అన్నాడు. కొత్తదానిలో పాత మాటలు ఎక్కడినుంచి వస్తాయిరా అంటే జవాబు లేదు. మావారు మర్నాడు దాన్ని నగరంలో ఒక పెద్ద దుకాణానికి తీసుకువెళ్ళారు. అద్దాల తలుపులు, చల్లటి గాలి, టోకెను నంబరు. కౌంటరు వెనక కుర్రవాడు పెట్టె మూత తెరిచి, రెండు నిమిషాలు చూసి, "ఫార్మాట్ చెయ్యాలి సార్, సాయంత్రానికి ఇచ్చేస్తాం" అన్నాడు. లోపల ఉన్నవి ఏమవుతాయంటే, "అవి పోతాయి సార్, కాని మెషీన్ కొత్తదానిలా పరుగెడుతుంది" అన్నాడు. మావారు ఒక్కక్షణం ఆలోచించి, టోకెను తిరిగి ఇచ్చేసి, పెట్టెను చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేశారు. మా పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో నేను ఆయన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్న సందర్భాల్లో అదొకటి.

ఫార్మాట్ అంటే ఏమిటో చూడండి. వంటింట్లో పొయ్యి అంటుకోలేదని ఇల్లంతా ఖాళీ చేసి సున్నం కొట్టించడమే. పైపై ఫార్మాట్‌లో సామాను ఒక్కసారిగా మాయం కాదు. ఏది ఎక్కడుందో చెప్పే జాబితా చెరిగిపోతుంది. కాని ఆ ఖాళీ అనుకున్న చోట కొత్త విండోస్ ఎక్కించినప్పుడు పాత వ్రాతల మీద కొత్త వ్రాతలు పడతాయి. పలక తుడిచి వ్రాసినట్టే. అలా పైన వ్రాత పడ్డదాన్ని ఏ మేధావీ తిరిగి చదివి పెట్టలేడు.

దానికి సరిగ్గా నెల ముందు, 2024 జులై 19న, ప్రపంచమంతటా ఇలాంటి మొరాయింపే జరిగిందని మీకు గుర్తుండే ఉంటుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పు ఫైలు వల్ల విండోస్ యంత్రాలు నీలం తెర చూపి కూలబడ్డాయి. అలాంటివి సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. ఆస్పత్రులు, బ్యాంకులు, విమానాశ్రయాలు ఆగిపోయాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో కలకత్తా వెళ్ళే ఒక ప్రయాణికుడికి చేత్తో వ్రాసిన బోర్డింగ్ పాసు ఇచ్చారు. ఆ చీటీ ఫోటో దేశమంతా తిరిగింది. మరి ఆ 85 లక్షల యంత్రాలనూ ఫార్మాట్ చేశారా? లేదు. సేఫ్ మోడ్ అనే దొడ్డిదారిన లోపలికి వెళ్ళి, అడ్డుపడ్డ ఆ ఒక్క ఫైలును తీసిపారేస్తే చాలునన్నారు. చాలా చోట్ల మనిషి ప్రతి యంత్రం దగ్గరకూ వెళ్ళి చేత్తో చెయ్యవలసి వచ్చింది గనుక రోజులు పట్టింది. అంత పెద్ద ఉపద్రవమూ వంటింటి గొడవే. ఇనప్పెట్టెలు చెక్కుచెదరలేదు.

ఈ సంగతి చెప్పి నన్ను కాస్త స్థిమితపరచినవాడు మా వీధి చివర చిన్న దుకాణం అబ్బాయి. సెల్‌ఫోన్లు, ఇన్వర్టర్లు, ల్యాప్‌టాపులు అన్నీ బాగుచేస్తాడు. పాలిటెక్నిక్ డిప్లొమా చదివాడు. దుకాణం వెడల్పు ఒక తలుపంత. పెట్టెను ఎడమచేత్తో తాకకుండా, రెండు చేతులతో అందుకున్నాడు. మీట నొక్కలేదు. ముందు అడిగాడు:

"మేడమ్, ఇది బంద్ పడేముందు ఏమైంది? జర పూరా చెప్పండి."

వాన, కరెంటు, అప్‌డేట్లు అన్నీ చెప్పాను. వైద్యుడు వినేటట్టు విన్నాడు. తర్వాత ఇంకో ప్రశ్న వేశాడు. ఆ పెద్ద దుకాణంలో ఎవరికీ తోచని ప్రశ్న.

"మీకు మిషిన్ గావాల్నా, లోపలి సామాన్ గావాల్నా?"

"లోపలి సామానే బాబూ. మిషను పోయినా ఫర్వాలేదు."

"అయితే ముందుగాల సామాన్ బయటికి తీద్దాం. మిషిన్ సంగతి తర్వాత సోంచాయిద్దాం."

నాన్నగారి మాట అతని నోట వినేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

అతను చేసిన పని చెబుతాను, మీకెవరికైనా పనికివస్తుంది. ఒక 8 జీబీ పెన్‌డ్రైవులో లినక్స్ ఉంది. హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టిన ఈ వ్యవస్థ ఉచితం. మన హైదరాబాదులోనే స్వేచ్ఛ అనే సంస్థవారు దీన్ని తెలుగు మాటలతో కనబడేటట్టు తీర్చారు కూడా. ఈ పెన్‌డ్రైవు పెట్టి, 'ఇవాళ డిస్కులోని కోడల్ని లేపకు, పెన్‌డ్రైవులోని ఈ వంటమనిషితో పని కానియ్యి' అని నాయనమ్మకు చెప్పాలి. మా యంత్రంలో అందుకు ఎఫ్12 నొక్కాలి. కంపెనీని బట్టి ఆ మీట మారుతుంది. రెండు నిమిషాల్లో తెరమీద కొత్త బొమ్మ వచ్చింది. విండోస్ నిద్రలోనే ఉంది. దాన్ని ఎవరూ కదిలించలేదు.

డిస్కును అతను 'చదవడానికి మాత్రమే' అన్న పద్ధతిలో తెరిచాడు. అంటే చూడవచ్చు, తీసుకోవచ్చు; ఒక్క అక్షరం వ్రాయడానికి గాని చెరపడానికి గాని లేదు. తాటాకు గ్రంథాలను పుటలు విరగకుండా తిప్పే ఓపికమంతుల్ని నేను చూశాను. ఆ రోజు ఆ ఓపిక మళ్ళీ చూశాను. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే వ్రాసుకునే పట్టిక ఒకటి ఉంటుందట, దాన్నీ చూశాడు. "కొంచెం ముసలిదైంది మేడమ్. మస్తు సార్లు ఆన్, ఆఫ్ చెయ్యొద్దు" అన్నాడు.

తర్వాత ఒక్కొక్క అర తెరుస్తూ పోయాడు. ఒక చోట, ఇంగ్లీషు పేర్ల మధ్య, 'మాటలమూట' అని తెలుగులో కనిపించింది.

ఇందులో వింత ఏముందంటారా? విండోస్‌లో వ్రాసిన తెలుగు లినక్స్‌లో తెలుగుగానే కనబడడం పూర్వం జరిగే పని కాదు. ఒక్కో అచ్చు సాఫ్ట్‌వేరుకు ఒక్కో రహస్య లిపి ఉండేది. ఆ ఫాంటు లేని చోట మన అక్షరాలు పిచ్చి గీతల్లా కనబడేవి. యూనికోడ్ అని ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఉమ్మడి సంఖ్యలు ఇచ్చే ఏర్పాటు 1991లో వచ్చింది. అందులో మొదటినుంచీ తెలుగుకు చోటు ఉంది. నాన్నగారు యూనికోడ్‌లో కొట్టారు గనుకనే ఆయన ఒంటివేలి వ్రాత పరాయి ఇంట్లోనూ చక్కగా చదవడానికి వచ్చింది.

మొత్తం సామాను ఇంకో డిస్కులోకి ఎక్కడానికి నలభై నిమిషాలు పట్టింది. అవి తెరుచుకుంటున్నాయో లేదో నా చేతనే నాలుగైదు ఫైళ్ళు తీయించి చూపించాడు. అప్పుడు గాని విండోస్ జోలికి వెళ్ళలేదు. రిపేరు తెరలో 'ట్రబుల్‌షూట్' లోపల 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' అని ఉంటుంది. మొదట 'స్టార్టప్ రిపేర్' ప్రయత్నించాడు, ఫలితం లేదు. తర్వాత 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్'లోకి వెళ్ళి, సగంలో ఆగిపోయిన చివరి అప్‌డేటును వెనక్కి తీయించాడు. ఇరవై నిమిషాలు చుక్కలు తిరిగాయి. ఆ తర్వాత ఎద్దు లేచి నిలబడ్డట్టు, విండోస్ లేచింది. దానికీ లొంగకపోతే సేఫ్ మోడ్, సిస్టమ్ రిస్టోర్, అన్నిటికీ ఆఖర ఫార్మాట్ అని వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పాడు. పెద్ద దుకాణం ఎక్కడ మొదలుపెట్టిందో, ఇతని జాబితా అక్కడ ముగిసింది.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఆ వరస. మా తెలుగు చదువులో ఎప్పటినుంచో ఉన్న వరసే అది. ముందు ప్రతి తీయాలి, ఆ తర్వాతే సవరణ. ఇంగ్లీషులో 'బ్యాకప్' అనేదానికి మన దగ్గర 'ప్రతి' అనే రెండక్షరాల మాట ఉంది. మాతృక, ప్రతి, చిత్తుప్రతి, శుద్ధప్రతి అని దానికొక వంశవృక్షమే ఉంది. తాటాకుకు తేమ తగిలితే బూజు, పొడి ఎక్కువైతే విరుపు, మధ్యలో చెదలు. మన కావ్యాలు ఇన్ని వందల ఏళ్ళు నిలిచాయంటే తాటాకు గట్టిది కావడం వల్ల కాదు, తరం తరంలోనూ ఎవరో ఒకరు కూర్చుని మళ్ళీ వ్రాయడం వల్ల. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ దొర సొంత డబ్బు పెట్టి పండితుల్ని, లేఖకుల్ని నియమించి ప్రతులు వ్రాయించాడు. వేమన పద్యాల్ని 1829లో అచ్చు వేయించాడు. ఒక కావ్యానికి ఒకే ప్రతి దొరికితే ఆయన తృప్తిపడేవాడు కాదు. ఊరూరా వెతికించి పది ప్రతులు పక్కపక్కన పెట్టి పోల్పించేవాడు. పూర్వపు లేఖకులు గ్రంథం ముగిశాక చివర ఒక విన్నపం కూడా చేసుకునేవారు. ఈ పుస్తకాన్ని నూనెనుంచి, నీటినుంచి, వదులు కట్టునుంచి కాపాడమనీ, తెలియనివాడి చేతికి ఇవ్వవద్దనీ దాని భావం. ల్యాప్‌టాపు అడుగున అతికించుకోదగ్గ మాటలు కావూ ఇవి! వరద నీరు, వదులు తీగ, 'ఫార్మాట్ చేసెయ్యండి' అనే చెయ్యి, అన్నీ అందులో ఉన్నాయి.

కంప్యూటరు తెలిసినవాళ్ళు ఈ ప్రతుల విషయంలో ఒక చిన్న లెక్క చెబుతారు: మూడు, రెండు, ఒకటి. ముఖ్యమైనవి మూడు ప్రతులుగా ఉండాలి. అవి రెండు రకాల చోట్ల ఉండాలి. అందులో ఒకటి ఇంటి బయట, ఇంకో ఊళ్ళో ఉండాలి. మా ఇంటి లెక్క ఇప్పుడిలా ఉంది. ఒకటి నా దగ్గరి డిస్కులో, ఒకటి ఇంటర్నెట్ ఖాతాలో, ఒకటి డాలస్‌లో తమ్ముడి దగ్గర. మూసీకి ఎంత వరద వచ్చినా డాలస్ దాకా పోదు గదా!

కొత్త యంత్రం కొన్నవాళ్ళకు ఇంకొక ముఖ్యమైన సంగతి. మా పాత పెట్టెలో సామాను పాస్‌వర్డు అడక్కుండానే పెన్‌డ్రైవు సాయంతో బయటికి వచ్చింది. మాకది మేలే చేసింది. కాని దొంగ చేతిలో పడినా అలాగే వస్తుంది. అందుకని ఇప్పటి విండోస్ యంత్రాల్లో చాలావాటికి ఇనప్పెట్టెకు బిట్‌లాకర్ అనే తాళం పుట్టుకతోనే ఉంటుంది. మామూలు రోజుల్లో అది కంటికి కనబడదు. యంత్రం మొరాయించిన రోజున మాత్రం నీలం తెర వచ్చి 48 అంకెల సంఖ్య అడుగుతుంది. ఆ సంఖ్య లేకపోతే ఆ వీధి చివర అబ్బాయి గాని, పెద్ద దుకాణం గాని, చివరికి కంపెనీవారు గాని తెరవలేరు. సాధారణంగా అది యంత్రం మొదలుపెట్టినప్పుడు వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాగి ఉంటుంది. యంత్రం ఆరోగ్యంగా ఉన్న రోజునే ఆ అంకెల్ని తీసి, కాగితం మీద వ్రాసి, ఇంటి పట్టాలూ ఇన్సూరెన్సు పత్రాలూ ఉన్న చోట పెట్టుకోండి. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్ళు వాడే యంత్రమైతే, ఆ ఖాతా పేరేమిటో, ఏ ఫోను నంబరుకు కట్టి ఉందో వాళ్ళను అడిగి ఇద్దరికైనా తెలిసేటట్టు చూసుకోండి. మనిషి పోయాక ఆ ఫోను నంబరూ కొన్నాళ్ళకు పోతుంది. అప్పుడు తాళంచెవి ఎక్కడుందో తెలిసీ అందుకోలేని పరిస్థితి వస్తుంది.

విండోస్ 10 వాడుతున్నవాళ్ళకు దానికి మైక్రోసాఫ్ట్ వారి మామూలు ఆదరువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అంతమాత్రాన ఆ యంత్రాలు ఆగిపోవు, భద్రతే తగ్గుతుంది. కొత్త వ్యవస్థకు మారదలచుకున్నా వరస మాత్రం అదే: ముందు ప్రతి, తర్వాతే మార్పు.

ఆ అబ్బాయి మొత్తం పనికి ఐదువందలు తీసుకున్నాడు. ఇంకో వంద ఇవ్వబోతే, "వద్దు మేడమ్, మా దాదా పెన్షన్ మీ నాన్న సారే ఇచ్చేటోడంట" అన్నాడు. 'పరేషాను' పక్కన ఉన్న ముసలాయన అతని తాతేనా అని అడగాలనిపించింది. ఆ పేజీలో పేరు లేదు. అడగలేదు.

సంవత్సరీకానికి నాలుగు పేజీలనుకున్నది, మొత్తం మూటే అచ్చు తీయించాం. సుమారు రెండు వేల మాటలు. స్పైరల్ బైండింగ్ వేయించి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని, పెన్సిలు తెప్పించుకుని, వంట కాగానే రోజూ ఒక గంట చదువుతోంది. వారం తిరిగేసరికి అంచులన్నీ పెన్సిలు వ్రాతలతో నిండిపోయాయి. "ఇది ఆ అవ్వ అన్నది కాదే, నేనన్నది, మీ నాన్న నా దగ్గర విని ఆవిడ పేర వ్రాశారు" అని ఒకచోట. "ఇది 1994 కాదు, నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు" అని ఇంకోచోట. యంత్రంలో ఉన్న ప్రతికీ అమ్మ చేతిలో ఉన్న ప్రతికీ ఇప్పుడు డెబ్బై పైగా పాఠభేదాలు తేలాయి. ఏది శుద్ధపాఠమో తేల్చే ధైర్యం నాకు లేదు. రెండూ ఉండేటట్టు, ఆదివారాల్లో కూర్చుని నాలుగో ప్రతి కొడుతున్నాను.